పెద్దల గడి

మూత, 4వ రోజు

బడి దినచర్య రెండు గడుల్లో రాయాలని నిబంధన. ఎడమ గడిలో పరికరాల కొలతలు, కుడి గడిలో పెద్దల మాట. ఆ నిబంధన రాసిన ముగ్గురిలో నేనొకదాన్ని. ఆఫీసుకి చూపించే పుస్తకం అలాగే నింపుతున్నాను. ఇది నా సొంత పుస్తకం. ఇందులో గీతల్లేవు, నా ఇష్టం.

పేరు కొల్లాబత్తుల ఎస్తేరు, జీలుగులొద్ది బడిలో సైన్సు టీచర్ని. మావాళ్ళది కోనసీమ. ఇప్పుడది పటంలో లేదు, ఆ ఏడుపు ఇక్కడెందుకు.

బడి తలుపు పడి నాలుగు రోజులైంది. ఎండలు ముదిరాక కొండ మీది ఊళ్ళన్నీ ఖాళీ అవుతాయి. పెద్దవాళ్ళు గోదారి ఒడ్డున చల్లని షెడ్లలోకి దిగిపోతారు. పిల్లల్ని మాత్రం బడిలో ఉంచి మూత వేస్తారు. షెడ్లకన్నా బడి చల్లగా ఉంటుంది, గాలి వడగట్టి లోపలికొస్తుంది. తొలకరి పడేదాకా, అంటే నలభై అయిదు రోజులు, తిండీ చదువూ నిద్రా అన్నీ లోపలే. ఈ ఏడు తొమ్మిది మంది పిల్లలు, నేను, సింగమ్మగారు.

సింగమ్మగారు ఈ కొండ పెద్ద. కొండరెడ్ల ఆడపడుచు, డెబ్భై దాటి ఎన్నేళ్ళో ఆవిడకే తెలియదు. ప్రతి బడికీ ఒక టీచరు, ఒక పెద్ద ఉండాలని చట్టం. ఇద్దరికీ ఒకే మర్యాద. ఆ చట్టం కోసం నేను కాలికి బలపం కట్టుకుని తిరిగాను, ఇప్పటికీ ఆ సంగతి ఎక్కడ చెప్పినా గొంతు పెద్దదవుతుంది.

ఇవాళ్టి పాఠం చీమలు గుడ్లు మోసుకుపోవడం గురించి. ఎడమ గడికి గాలి ఒత్తిడి లెక్క చెప్పాను. కుడి గడికి సిలబస్ ప్రకారం ధ్రువీకరించిన మాటే వాడాలి. అంటే, ఆరేళ్ళు సింగమ్మగారి వెనక తిరిగి నేను రికార్డు చేసిన నాలుగు వందల పన్నెండు గంటల్లో 118వ ముక్క. ముక్క పెట్టాను. గోడలోంచి సింగమ్మగారి గొంతు పాఠం చెప్పింది. సింగమ్మగారేమో నా పక్కన చాప మీద కూర్చుని చిక్కుడు గింజలు ఏరుకుంటున్నారు.

"మామ్మా, గోడలో ఉన్నది నువ్వేనా?" అన్నాడు బొజ్జి. కారం బొజ్జికి ఏడేళ్ళు, అందరిలోకీ చిన్నవాడు.

"నా గొంతేరా. నేను గాదు."

"మరి అది చెప్పింది నిజమేనా?"

"సెప్పిన రోజున నిజివే. ఆయాల సీమల్ని సూసి సెప్పాను. ఈయాల సీమలేం సేత్తన్నాయో నాకేం తెలుసు?"

పిల్లలు పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళ కష్టాన్ని ఒక్క మాటతో తీసి పక్కన పెట్టేసింది ముసలావిడ.

మూత, 9వ రోజు

మొన్న మధ్యాహ్నం ఎదురు కొండ మీద అడివి అంటుకుంది. నిన్నటికి మంట నేల మీద ఆకుచెత్త కాల్చుకుంటూ వాలు దిగి, మళ్ళీ మా వైపు ఎక్కి, బడి చుట్టూ ఉన్న రాతి చప్టా దాకా వచ్చి ఆగింది. ఈ గోడలకు నిప్పు అంటదు. భయపడొద్దని పిల్లలకు చెప్పాను. నాకే భయంగా ఉందని పెద్ద పిల్లలు కనిపెట్టారు.

ఇవాళ పొద్దున్నకి మంట లేదు. కానీ బూడిద రాలి, రాలి, మాకున్న ఒక్క కిటికీ పూర్తిగా మూసుకుపోయింది. కిటికీ పోతే పోయింది. కప్పు మీద సోలార్ పలకలు కూడా బూడిద కింద ఉన్నాయి. కరెంటు సగానికి పడింది. లోపల ఇరవై ఎనిమిది డిగ్రీలుండేది ముప్పై అయింది.

కింది ఆఫీసుకి సందేశం పెట్టాను. గంటకి జవాబు: "మీ వినతి అందింది. డ్రోను పంపబడును. మీ వరస సంఖ్య 31."

మూత, 11వ రోజు

లోపల ముప్పై రెండు. డ్రోను జాడ లేదు. ఆఫీసు కొత్త సలహా ఇచ్చింది: ఒకరు బయటికి వెళ్ళి పలకలు తుడిచి రండి. చీపురు పట్టుకుని ఇనుప నిచ్చెన ఎక్కితే పావుగంట పని. తలుపు మాత్రం రెండు గడులూ కలిస్తేనే తెరుచుకుంటుంది.

ఆ సంగతి రాయాలి. ఏడేళ్ళ కిందట ఇలాంటి బడి ఒకదానిలో పరికరాలు అంతా బాగుందన్నాయి. ఆ బడి పెద్ద మాత్రం కొండ జారుతుందని మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. పదకొండు మంది పిల్లలు. ఆ తర్వాతే మేం ముగ్గురం కూర్చుని, ఇకమీదట పరికరం ఒక్కటే చాలదు, పెద్ద కూడా సరేనంటేనే తలుపు కదలాలని రాశాం. టీచర్లు కంగారులో పగలగొట్టకుండా అద్దాలు, తాళాలు కూడా గట్టివి పెట్టించాం. అంతా మంచికే చేశాం.

రోజూ పొద్దున్న అయిదూ నలభైకి తలుపు పక్కన యంత్రం అడుగుతుంది. ఎడమ గడిని బయట స్తంభం మీది పరికరాలు నింపుతాయి: వేడి, తేమ, పొగ. ఇవాళ మూడూ పచ్చగా వచ్చాయి. తర్వాత కుడి గడి: "పెద్దల అభిప్రాయం. బయటికి వెళ్ళవచ్చునా? అవును, కాదు." 'వెళ్ళొచ్చు' అన్నా అవును కిందే రాసుకుంటుంది. జవాబుకి తొంభై సెకన్లు. మా మాట మాకే కాదు, దిగువ బడికి కూడా పోతుంది. అక్కడి పెద్ద మూతకి ముందే చనిపోయాడు, ఒకే కొండ కాబట్టి మా కుడి గడి చూసి వాళ్ళ కుడి గడి నిండుతుంది.

సింగమ్మగారు నోరు విప్పలేదు.

"చెప్పండి, టైమైపోతోంది," అన్నాను.

"ఏటి సెప్పమంటావు?"

"వెళ్ళొచ్చు అని."

"నేను ఎల్లి సూసేనా?"

తొంభై సెకన్లు అయిపోయాయి. యంత్రం రేపు అడుగుతానంది.

మూత, 12వ రోజు

ఇవాళ కూడా ఎడమ గడి పచ్చన, కుడి గడి ఖాళీ. టిఫిన్ దగ్గర నేనే కదిపాను.

"సింగమ్మగారూ, అసలు మీ ఉద్దేశం ఏంటి?"

"సూడని కొండ గురించి నోరిప్పకూడదు టీచరమ్మా. మా అత్త ఇప్పలేదు, ఆవిడ అత్తా ఇప్పలేదు. తెల్లారి లేసి, కాలు పెట్టి, వాసన సూసి, అప్పుడు సెప్పేవోళ్ళు. అందుకే ఊరంతా మా మాటినీవోరు."

"అరవై ఏళ్ళు చూసిన కొండే కదా. అందాజుగా చెప్పలేరా?"

"అరవై ఏళ్ళు సూసాను గాబట్టే సెప్పను. నన్ను కుండలో పెట్టి మూతేసి, పైన వాన పడతందా అనడుగుతున్నారు. ఇక్కడ గాలి మీ మిషిన్లోంచొత్తది, వాసనుండదు. గోడలకి సప్పుడు రాదు. కిటికీ కూడా పోయింది. ఏం సూసి సెప్పేది?"

చూడాలంటే తలుపు తెరవాలి. తలుపు తెరవాలంటే చూశానని చెప్పాలి. ఈ పీటముడి ఎవరు వేశారయ్యా అంటే, ఇదిగో, ఇక్కడ రాస్తున్న ఈ మహాతల్లే. 'తెలీదు, చూసొచ్చి చెప్తాను' అనే జవాబు ఒకటి ఉంటుందని నాకు ఆ రోజు తట్టలేదు. యంత్రానికి సుళువుగా ఉండాలని అవునూ కాదూ పెట్టించాను.

మధ్యాహ్నం చిలకమ్మ వచ్చి పక్కన కూర్చుంది. సింగమ్మగారి మనవరాలు, పన్నెండేళ్ళది, లెక్కల్లో చురుకు. స్తంభం నుంచి వచ్చే గీతలన్నీ తనే చూస్తుంది.

"మేడం, స్తంభం ఎత్తెంత?"

"మూడు మీటర్లు."

"మరి నేలనెవరు చూస్తారు?"

"నేల వేడి ఈ పరీక్షలో లేదు. మనిషికి గాలి వేడీ తేమా ముఖ్యం," అన్నాను. పుస్తకంలో ఉన్న జవాబే అది. పిల్ల తల ఊపి వెళ్ళిపోయింది, కానీ ఒప్పుకున్నట్టు లేదు.

మూత, 15వ రోజు

లోపల ముప్పై నాలుగున్నర. చల్లదనం మిషను రోజుకి మూడు గంటలే తిరుగుతోంది. ఆఫీసుతో మాట్లాడే పెట్టె ఆపేశాను, ఉన్న కరెంటు గాలికే చాలడంలేదు. తలుపుకి మాత్రం సొంత బ్యాటరీ ఉంది.

బొజ్జి పొద్దుట్నుంచి నాలుగుసార్లు వాంతి చేసుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. తడిబట్ట వేస్తే పది నిమిషాల్లో వెచ్చబడుతోంది. వంటింట్లోంచి పొత్రం తెచ్చి కిటికీ అద్దం మీద నా బలమంతా పెట్టి కొట్టాను. గీత పడింది, అంతే. మోచెయ్యి వాచింది. మేమే పెట్టించిన అద్దం మరి, గట్టిగానే ఉంది.

సింగమ్మగారు బొజ్జిని ఒళ్ళో వేసుకుని విసురుతూనే ఉన్నారు. నేను ఆగలేకపోయాను.

"మీ పట్టుదలకి పిల్లాణ్ణి పొట్టన పెట్టుకుంటారా? ఒక్క మాట! 'ఎల్లొచ్చు' అనండి. బయటికెళ్ళేది నేను. ఏమైనా అయితే నాకే అవుతుంది."

"ఎల్లేది నువ్వయితే మరీ సెప్పను. నువ్వు మాత్రం ఓ తల్లి కన్న బిడ్డవి గాదా?"

అని ఆవిడ ఏడ్చారు. విసనకర్ర ఆపకుండా ఏడ్చారు. పిల్లలందరూ చూస్తున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఈ బడిలో నేను దూరగలిగిన చోటు అదొక్కటే, అక్కడ కూడా పొయ్యి వేడి.

మూత, 16వ రోజు

ముప్పై అయిదు. బొజ్జి నీళ్ళు కూడా నిలుపుకోవడం లేదు. రేపు గడవడం కష్టం.

నేను చేసింది రాస్తున్నాను. మధ్యాహ్నం అందరూ నేల మీద తడిబట్టలు పరుచుకుని పడుకున్నప్పుడు, రికార్డుల పెట్టె తెరిచాను. 203వ ముక్క. నాలుగేళ్ళ కిందట తేనె దింపే రోజుల్లో సింగమ్మగారు కొండ వాలంతా తిరిగొచ్చి మగవాళ్ళతో అన్నారు: "పడమటేపు తుట్టెలు ముదిరాయి, ఇంక ఎల్లొచ్చు." చివరి మాట కత్తిరించాను. ముందు వెనకల చప్పుడు తుడిచాను. నాలుగు నిమిషాల పని. ఈ పని ఇంత తేలికని నాకు తెలిసి ఉంటే, గొంతు వింటే చాలు తలుపు తెరుచుకోవాలని రాసేదాన్ని కాదేమో. ఏమో, రాసేదాన్నేనేమో.

తప్పని తెలుసు. తెలిసే చేశాను.

మూత, 17వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అయిదూ నలభైకి యంత్రం అడిగింది. ఎడమ గడి పచ్చన. నేను ముక్క వదిలాను. సింగమ్మగారి గొంతు, "ఎల్లొచ్చు" అంది. రెండు గడులూ కలిశాయంది యంత్రం. పదిహేడు రోజుల తర్వాత తలుపు కదిలింది. వేడి గాలి, దాంతోపాటు మాడు వాసన లోపలికొచ్చాయి. ఆ వాసన పీల్చడానికే ప్రాణం లేచొచ్చింది.

చీపురందుకుని వెనక్కి తిరిగేసరికి సింగమ్మగారు నిలబడి ఉన్నారు.

"నా గొంతిన్నాను," అన్నారు.

నేను తల వంచుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"నా మాట ముందెల్లిపోయింది టీచరమ్మా. ఎనకాల నేనెల్లాలి గదా," అని నా చేతిలో చీపురు లాక్కుని గడప దాటేశారు. చిలకమ్మ వెంట పరిగెత్తబోతే పట్టుకుని ఆపాను.

ఆవిడ చప్టా మీద చివరిదాకా నడిచి, వట్టి కాలు నేల మీద మోపి, చటుక్కున తీసేశారు. కూర్చుని అరచెయ్యి ఆనించారు. వంగి వాసన చూశారు. కాలిన మోడు ఒకటుంటే దాని పక్కన చీపురు కర్రతో పొడిచారు. కర్ర మూరెడు లోపలికి దిగిపోయింది. పైకి లాగితే కొస ఎర్రగా ఉంది, ఆ కన్నంలోంచి పొగ వచ్చింది.

తలుపు దాకా వెనక్కొచ్చారు, గడప మాత్రం ఎక్కలేదు.

"నేల కింద నిప్పుంది. మోడుల ఏళ్ళలో కూకుంది. మేం పోడు కాల్సినప్పుడూ ఇంతే, పైన సల్లగుంటది, కింద పదైదు రోజులు కాలతానే ఉంటది. చప్టా ఒకటే గట్టి. కాలెడితే మోకాలిదాకా దిగిపోద్ది." ఊపిరి పీల్చుకుని అడిగారు, "నా మాట దిగువ బడికి పోద్దన్నావు గదా?"

బొజ్జి తప్ప నా కళ్ళకి ఏమీ ఆనని ఆ రెండు రోజుల్లో దిగువ బడి సంగతి పూర్తిగా మర్చిపోయాను. అక్కడ పదమూడు మంది పిల్లలు. వాళ్ళ తలుపు కూడా ఇప్పుడు తెరిచే ఉంటుంది. వాళ్ళకి చప్టా కూడా లేదు, గడప దిగితే మట్టే.

"లోపలికి రండి, తలుపు తెరిచున్నంతసేపూ మాట మార్చొచ్చు, ఇక్కణ్ణుంచి 'కాదు' అనండి. రెండు తలుపులూ పడతాయి," అన్నాను.

"మరి పలకలెవరు తుడుత్తారు? ఈ గుంటడు సాయంత్రందాకా ఉంటాడా?"

"నేను బయటికొస్తాను. మీరు లోపలికి రండి. నేనే తుడుస్తాను, నేనే ఉంటాను. తప్పు చేసింది నేను!"

"నువ్వు బైటుంటే రేపు నీ మాట ఎవరింటారు? ఈ పెట్టెకి నా గొంతే గదా తెలుసు. సూసేవోళ్ళే సెప్పాలి. తప్పుకో."

బయటి వైపు కూడా యంత్రం నోరుంది. ఆవిడ దానికి మొహం పెట్టి, మనవరాలి వైపు చూస్తూ, "కాదు. ఎల్లకూడదు," అన్నారు. యంత్రం పది అంకెలు లెక్కపెట్టింది. నేను తలుపుకి భుజం అడ్డం పెట్టాను. అది నన్ను మెల్లిగా, పాఠం తప్పిన పిల్లని జరిపినట్టు జరిపి, మూసుకుంది.

తర్వాత కప్పు మీద చీపురు చప్పుడు ఏమీ వినపడలేదు. ఈ గోడలకు చప్పుడు రాదు కదా. కానీ ఆరున్నరకి చిలకమ్మ కరెంటు ముల్లు చూసి అరిచింది. ముల్లు పైకి లేస్తోంది. ఒక్కొక్క పలకకీ ఒక్కొక్క మెట్టు. పన్నెండు మెట్లు లెక్కపెట్టాం. చల్లదనం మిషను తిరగడం మొదలుపెట్టింది. నేను నేల మీద కూర్చుని బొజ్జిని పట్టుకుని గట్టిగా ఏడ్చాను.

మూత, 19వ రోజు

లోపల ఇరవై ఎనిమిది. బొజ్జి గంజి తాగాడు, ఉప్పు చాలలేదని పేచీ కూడా పెట్టాడు.

సింగమ్మగారు బతికే ఉన్నారు. పగలు లొద్దిలో, అంటే కింది ఇరుకు లోయలో, బండల కింద ఊట దగ్గర ఉంటున్నారట, ఆ చోటు నీళ్ళ చల్లదనానికి వేడెక్కదట. చప్టా నుంచి అక్కడికి రాళ్ళ మీద గెంతుకుంటూ వెళ్తున్నారు. డెబ్భై దాటిన మనిషి! పొద్దున్న అయిదూ నలభైకి యంత్రం దగ్గరికొచ్చి "కాదు" అంటారు. ఆ తొంభై సెకన్లలో మిగిలిందంతా మాకు చెప్తారు. యంత్రం ఆ ఒక్క మాట ఉంచుకుని మిగతాది పారేస్తుంది. పిల్లలు మిగతాదంతా రాసుకుంటున్నారు. ఎక్కడ పొగ వాసన తగ్గింది, ఏ మోడు కూలింది, ఏ పిట్ట మళ్ళీ వచ్చింది. నేను రికార్డు చెయ్యలేదు.

ఆఫీసు పెట్టె తెరిస్తే రెండు సందేశాలు. దిగువ బడి తలుపు పన్నెండు నిమిషాలు తెరిచి ఉందట. పిల్లలు చెప్పులు వేసుకుంటుండగా పడిందట. రెండోది: "మీ పెద్ద పన్నెండు నిమిషాల తేడాలో పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు ఇచ్చారు. ఆమెను నమ్మదగిన పెద్దగా కొనసాగించాలో వద్దో తెలపండి."

వెంటనే రాశాను. మొదటి మాట ఆవిడది కాదు, నేను కత్తిరించి అతికించినది, నమ్మదగనిది నేను. జవాబు రాలేదు. అందుకే ఇక్కడా రాస్తున్నాను. ఎవరు చదివినా, సింగమ్మగారు ఆ రోజు ఒకే మాట చెప్పారు. అదీ చూసి చెప్పారు.

చిలకమ్మకి కూడా చెప్పాను. రికార్డుల పెట్టె సంకేతపదం మార్చి ఆ పిల్ల చేతికే ఇచ్చాను. "ఇది మీ ఇంటి సొత్తు. ఇకమీదట నేను తెరవలేను, నువ్వే తెరవగలవు," అన్నాను. అది కాయితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

మూత, 22వ రోజు

గోడంతా చిలకమ్మ గీసిన పటం. మధ్యలో బడి, చుట్టూ అడుగులు. రోజూ పొద్దున్న వాళ్ళ మామ్మని అడుగుతుంది.

"మామ్మా, పడమటేపు ఎన్నడుగులు చల్లారింది?"

"నలబై. మద్దిచెట్టుదాకా."

"నిన్న ముప్పై ఆరన్నావు కదా?"

"అవునే. నాలుగు పెరిగింది."

నాలుగు రోజుల అంకెలు పెట్టి, స్తంభం చెప్పే గాలి వేగం కలిపి, నిప్పు ఏ వైపు ఎంత జోరుగా ఆరుతుందో లెక్క కట్టింది. నేను చెప్పలేదు, నేర్పలేదు. దాని లెక్క ప్రకారం లొద్ది పక్కనుంచి గోదారికి దిగే కాలిబాట 26వ రోజుకి పూర్తిగా చల్లారుతుంది. ఇవాళ ఆ సంగతి యంత్రం నోట్లో చెప్పింది.

"లెక్క బాగుందే సిలకా," అన్నారు సింగమ్మగారు. "ఇంతదాకా ఎవురూ నన్ను ఎన్నడుగులని అడగలేదు. బాటెంట కిందిదాకా నడిసి సూత్తాను. అడుగడుగూ పొడిసి సూసుకుంటా పోనూ రానూ రెండు పొద్దులు. వచ్చి సెప్తాను, అందాకా కదలమాకండి."

"ఎండలో జాగ్రత్తండీ," అన్నాను నేను. ఆ రోజు తర్వాత ఆవిడతో నేను నేరుగా అన్న మొదటి మాట.

"ఊటలున్నాయిలే టీచరమ్మా. పిల్లలకి జుట్టు దువ్వుతున్నావా? బొజ్జిగాడి తల పేలు పట్టుంటది."

మూత, 25వ రోజు

రెండు పొద్దులు నిన్నటితో అయిపోయాయి. నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు. యంత్రం అడుగుతుంది, తొంభై సెకన్లు ఆగుతుంది, ఆపేస్తుంది. పిల్లలు పొద్దున్నే లేచి మొహాలు కడుక్కుని తలుపు దగ్గర వరసగా కూర్చుంటున్నారు. ఎవరూ అల్లరి చెయ్యడంలేదు. అదే నాకు భయంగా ఉంది.

పైగా గాలి వడగట్టే జల్లెడ బూడిదతో పూడుకుపోయింది. రెండు రోజులుగా అందరికీ తలనొప్పి. ఇది చీపురుతో పోయేది కాదు, కొత్త జల్లెడ కావాలి. ఇంకో నాలుగు రోజులు ఆడుతుందేమో.

సాయంత్రం ఆఫీసు సందేశం: "మీ కోసం వాహనం గోదారి ఒడ్డుకు చేరినది. రేపు ఉదయం ఎనిమిది వరకు మాత్రమే ఉండును. ఆ తరువాత వాహనం పది రోజులకు గాని లభ్యం కాదు. మీ ఎడమ గడి పచ్చగా ఉన్నది. పెద్ద అందుబాటులో లేని పక్షంలో ఆమె ధ్రువీకరించిన రికార్డు వాడుకొనుటకు ప్రత్యేక అనుమతి ఇవ్వడమైనది."

మూడుసార్లు చదివాను. మామూలుగా నడిస్తే కాలిబాటన ఒడ్డు రెండు గంటలే. నేను దొంగతనంగా చేసిన పనికి ఇప్పుడు అనుమతి వచ్చింది.

పిల్లలకి చదివి వినిపించాను. దాచలేదు. చిలకమ్మ జాకెట్ మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

మూత, 26వ రోజు

అయిదున్నరకే అందరం తలుపు దగ్గరున్నాం. బొజ్జి సంచీ కూడా సర్దుకుని తగిలించుకున్నాడు.

ఎడమ గడి పచ్చన వచ్చింది. వేడి, తేమ, పొగ, మూడూ. గోడ మీద చిలకమ్మ పటంలో కాలిబాట చివరిదాకా చల్లారిన రంగే.

"పెద్దల అభిప్రాయం. బయటికి వెళ్ళవచ్చునా? అవును, కాదు."

బయటి నోరు మాట్లాడలేదు. ఇరవై సెకన్లు. ముప్పై. పిల్లలు చిలకమ్మ వైపు చూశారు. నేను దాని వైపు చూడకూడదనుకున్నాను, చూశాను.

"నీ లెక్క కూడా సరిపోయిందిగా అక్కా," అన్నాడు బొజ్జి. "పెట్టె తెరువు, పోదాం."

"అది నా లెక్క. మామ్మ మాట కాదు," అంది చిలకమ్మ.

"మామ్మ రాకపోతేనో?"

జాకెట్లోంచి కాయితం తియ్యలేదు. యంత్రం దగ్గరికి నడిచి, మునివేళ్ళ మీద లేచి, దాని నోటికి మొహం పెట్టింది.

"మా మామ్మ చూడ్డానికెళ్ళింది. వచ్చి చెప్తుంది."

"చెల్లని సమాధానం," అంది యంత్రం. "అవును, కాదు."

"మా మామ్మ చూడ్డానికెళ్ళింది. వచ్చి చెప్తుంది!"

"చెల్లని సమాధానం. అవును, కాదు."

పిల్ల ఏడుస్తూనే మూడోసారీ అదే చెప్పింది. కింద ఒడ్డున బండి ఎనిమిదింటికి వెళ్ళిపోతుంది. నాకు తలనొప్పిగా ఉంది, భయంగా ఉంది, ఆ కాయితం లాక్కోవాలని చెయ్యి లేచింది కూడా. ఆ చేతిని చిలకమ్మ భుజం మీద వేసి, దాని పక్కన నిలబడ్డాను.

"సింగమ్మగారు చూడ్డానికెళ్ళారు," అన్నాను. "వచ్చి చెప్తారు."